తలుపు తీసి ఉంచిన ప్రార్థన గది

ప్రార్థన చేయడం తెలిసిన విశ్వాసులు మన సంఘాల్లో చాలామంది ఉన్నారు. ప్రార్థనలో ఉన్నదున్నట్టు చెప్పుకోవడం తెలిసినవారు మాత్రం తక్కువ. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం సంఘాల్లో పరిచర్య చేస్తున్న మాకు ఇది ప్రతి ఆదివారమూ కనిపిస్తూనే ఉంటుంది. కానుకల సంచిలో వేసే ప్రార్థన మనవుల చీటీల్లో 'ఆర్థిక ఇబ్బందులు' అని రెండే మాటలుంటాయి. ఆ రెండు మాటల వెనుక ముడిపట్టు ధర పెరిగి ఆగిపోయిన మగ్గం ఉంటుంది, నాలుగో బోరు కూడా ఎండిపోయిన శనక్కాయ చేను ఉంటుంది, బెంగళూరు ఆసుపత్రి బిల్లు కోసం కుదువపెట్టిన తాళిబొట్టు ఉంటుంది. 'ఎలా ఉన్నారమ్మా?' అంటే 'దేవుని కృప అయ్యగారూ, బాగున్నాం' అంటారు. సాక్ష్యం చెప్పే సమయంలో గెలిచినవారే లేచి నిలబడతారు. ఇంకా కన్నీళ్ళలోనే ఉన్నవారు వెనుక వరుసలో కూర్చుని, ఆశీర్వాదం కాగానే చెప్పులు వేసుకుని వెళ్ళిపోతారు.

దేవుని ఎదుట కూడా మంచి బట్టలే కట్టుకుని నిలబడాలని మనకు మనమే ఒక నియమం పెట్టుకున్నాం. 'నీ మీద నాకు కోపంగా ఉంది ప్రభువా' అనో, 'నువ్వు వింటున్నావో లేదో నాకు తెలియడం లేదు' అనో అంటే అది అవిశ్వాసమైపోతుందని భయం. ఈ భయం చిన్నది కాదు. అప్పుల బాధ తాళలేక ప్రాణాలు తీసుకున్న నేతన్నల గురించి, రైతన్నల గురించి మన జిల్లా వార్తల్లో ఎన్నిసార్లు చదవలేదు? మనిషితో చెప్పుకోలేక, దేవునితో కూడా చెప్పుకోలేక లోలోపలే కుమిలిపోవడం ప్రాణాంతకమైన జబ్బు. అందుకే ఈ వారం పండిత రమాబాయి జీవితాన్ని పాఠకుల ముందుంచుతున్నాం. ఆమె పేరు చాలామందికి తెలుసు. ఆమె జీవితంలోని అతి చీకటి రోజులు మన తెలుగు నేల మీదే గడిచాయన్న సంగతి తెలిసినవారు తక్కువ.

రమాబాయి 1858 ఏప్రిల్ 23న పశ్చిమ కనుమల్లోని గంగామూల అడవిలో పుట్టింది. తండ్రి అనంతశాస్త్రి డోంగ్రే గొప్ప సంస్కృత పండితుడు. స్త్రీలకు చదువు కూడదని సమాజం గట్టిగా నమ్మిన ఆ రోజుల్లో ఆయన తన భార్య లక్ష్మీబాయికి సంస్కృతం నేర్పాడు. తల్లి ఆ విద్యను కూతురికి నేర్పింది. రమాబాయికి ఆరు నెలల వయసప్పుడే ఆ కుటుంబం తీర్థయాత్రలకు బయలుదేరింది. ఒక క్షేత్రం నుంచి మరో క్షేత్రానికి నడుస్తూ, గుళ్ళలో పురాణం చదువుతూ, శ్రోతలు ఇచ్చినదానితో బతుకుతూ, మిగిలినది దానధర్మాలు చేస్తూ వారు దేశమంతా తిరిగారు. ఆ తండ్రి భక్తిలో కపటం లేదు. దేవుణ్ణి వెదకడానికి ఆస్తినీ ఆరోగ్యాన్నీ ఖర్చుపెట్టిన మనిషి ఆయన.

1870లలో మద్రాసు రాజధానిని కరవు పట్టుకుంది. మన రాయలసీమ పెద్దలు తరతరాలుగా చెప్పుకున్న ధాత కరవు దాదాపు ఆ కాలానిదే. అనంతశాస్త్రి అప్పటికే ముసలివాడు, కంటిచూపు కూడా పోయింది. కూలిపని చేయడం వారికి తెలియదు, అడుక్కోవడానికి మనసొప్పలేదు. గిన్నెలూ బట్టలూ అమ్ముకున్నారు. చివరి బియ్యపు గింజ అయిపోయాక తిరుపతి దగ్గరి అడవిలోకి వెళ్ళి పదకొండు రాత్రింబవళ్ళు నీళ్ళు తాగి, ఆకులు నమిలి గడిపారు. పిల్లలకు భారం కాకూడదని తండ్రి కోనేట్లో మునిగి ప్రాణం విడవాలనుకున్నాడు. కొడుకు శ్రీనివాసశాస్త్రి అడ్డుపడి, కులాభిమానం వదిలేసి ఏ పనైనా చేసి పోషిస్తానన్నాడు. తండ్రి ఆ ఆలోచన మానుకున్నాడు గానీ కొద్దిరోజులకే కన్నుమూశాడు. పోయే ముందు కూతుర్ని దగ్గరకు తీసుకుని, ఆమెను దేవుని చేతికి అప్పగించానని, జీవితాంతం ఆయననే సేవించాలని చెప్పాడు. అప్పటికి రమాబాయికి పదహారేళ్ళు.

మిగిలినవారు రాయచూరు చేరారు. అక్కడ తల్లి మంచాన పడింది. జ్వరంలో కలవరిస్తూ తిండి అడుగుతోంది. ఇంట్లో ఏమీ లేదు. రమాబాయి లేచి పొరుగింటి గుమ్మం ముందు నిలబడింది. ఒక్క రొట్టెముక్క అడగాలి. ఎన్నో శ్లోకాలు కంఠతా వచ్చిన ఆ పిల్లకు ఆ ఒక్క మాట నోట రాలేదు. కన్నీళ్ళు మాత్రం ధారగా కారిపోయాయి. ఆ ఇల్లాలు ముఖం చూసే సంగతి గ్రహించి సజ్జరొట్టె తెచ్చి చేతిలో పెట్టింది. రమాబాయి పరుగున తెచ్చి తల్లి నోటికి అందిస్తే, తినే శక్తి ఆ తల్లికి లేకపోయింది. కొద్దిరోజుల్లో ఆమె కూడా వెళ్ళిపోయింది. శవాన్ని మోయడానికి మనుషులు దొరకలేదు. జాలిపడి ఇద్దరు బ్రాహ్మణులు వచ్చారు. మూడోవాడు అన్న, నాలుగో మనిషి రమాబాయి. ఆమె అందరికన్నా పొట్టిది కాబట్టి పాడె భుజానికి ఆనలేదు. దాన్ని తలమీద పెట్టుకుని మోసింది. తర్వాత కొద్దినెలలకు అక్క కూడా చనిపోయింది.

ధర్మవరం జంక్షన్ నుంచి ఒక రైలుదారి పాకాల మీదుగా తిరుపతికి పోతుంది. ఇటువైపు గుంతకల్లు మీదుగా రాయచూరు చేరుకోవచ్చు. మనం పెళ్ళిళ్ళకూ వ్యాపారాలకూ తిరిగే ఆ రెండు వైపులా ఒక అమ్మాయి తన తల్లిదండ్రులను పోగొట్టుకుంది. ఈ కథ చెప్పడం ఎవరి నమ్మకాన్నీ తక్కువ చేయడానికి కాదు. మన ప్రార్థన గదుల్లో కూడా జవాబు రాని రాత్రులున్నాయి. ఆ రాత్రుల్లో మనిషి మనసుకు ఏమవుతుందో తెలుసుకోవడానికే ఈ కథ.

రమాబాయి మనసు మూసుకుపోయింది. అన్నాచెల్లెళ్ళిద్దరూ కాలినడకన వేల మైళ్ళు ఉత్తరాదికి నడిచారు. జీలం నది ఒడ్డున చలికి కప్పుకోవడానికి గుడ్డ లేక, ఇసుకలో గుంటలు తవ్వుకుని పడుకుని, పొడి ఇసుకనే దుప్పటిలా కప్పుకున్నారు. చిన్నప్పటి నుంచి నేర్చుకున్న వ్రతాలూ ఉపవాసాలూ చేస్తూనే వచ్చారు గానీ, వాటి మీద నమ్మకం మెల్లమెల్లగా సడలిపోయింది. 1878లో కలకత్తా చేరేసరికి ఆమె పాండిత్యానికి నగరం అబ్బురపడింది. పండిత అనీ సరస్వతి అనీ బిరుదులిచ్చి సన్మానించారు. అక్కడే ఒక క్రైస్తవ కూటానికి ఇద్దరూ వెళ్ళారు. ప్రార్థన సమయంలో అందరూ కుర్చీల ముందు మోకరించి కళ్ళు మూసుకున్నారు. అక్కడ విగ్రహమేదీ కనిపించకపోవడంతో, వీళ్ళు కుర్చీలకు మొక్కుతున్నారు కాబోలని అన్నాచెల్లెళ్ళు అనుకున్నారు! క్రైస్తవ ప్రార్థనతో ఆమెకు తొలి పరిచయం అది. నవ్వు వచ్చే సంగతే అయినా, కళ్ళు మూసుకున్న మన ముఖాలు చూసి బయటివారికి ఏం అర్థమవుతోందని అది నేటికీ మనల్ని అడుగుతూనే ఉంది.

1880లో అన్న చనిపోయాడు. అదే సంవత్సరం ఆమె వేరే కులానికి చెందిన బెంగాలీ న్యాయవాది బిపిన్ బిహారీ దాస్‌ను పెళ్ళి చేసుకుంది. 1881లో కూతురు మనోరమ పుట్టింది. 1882 ఫిబ్రవరిలో కలరా సోకి భర్త మరణించాడు. ఇరవై నాలుగేళ్ళయినా నిండకుండానే తల్లి, తండ్రి, అక్క, అన్న, భర్త అందరూ పోయి, చంకలో పసిబిడ్డతో ఆమె ఒంటరిగా మిగిలింది.

పుణే వెళ్ళి స్త్రీల కోసం ఆర్య మహిళా సమాజం స్థాపించింది. వైద్యం చదవాలని 1883లో ఇంగ్లాండు వెళ్ళింది. చెవుడు ముదరడంతో ఆ చదువు సాధ్యపడలేదు. లండన్‌లో పతనమైన స్త్రీలను చేరదీసి గౌరవంగా చూసుకుంటున్న సిస్టర్లను చూసి ఆమె ఆశ్చర్యపోయింది. వీరికి ఈ జాలి ఎక్కడిదని అడిగినప్పుడు యోహాను సువార్త 4వ అధ్యాయంలోని సమరయ స్త్రీ కథ విన్నది. అయిదుగురు భర్తల సంగతి దాచిపెట్టి నీళ్ళు మాత్రమే అడగాలనుకున్న ఆ స్త్రీతో ప్రభువు ఆ సంగతే మాట్లాడాడు. కానీ ఆమెను అవమానించలేదు. తెలిసి కూడా తోసివేయని ఆ ప్రేమ రమాబాయిని కదిలించింది. 1883 సెప్టెంబరు 29న వాంటేజ్ అనే ఊళ్ళో ఆమె, మనోరమ బాప్తిస్మం పొందారు.

చాలా సాక్ష్యాలు ఇక్కడితో ముగుస్తాయి. రమాబాయి సాక్ష్యం ఇక్కడ ముగియలేదు. ఆమెతో ఇంగ్లాండు వచ్చిన స్నేహితురాలు ఆనందీబాయి భగత్ ఆ సంవత్సరమే విషం తాగి చనిపోయింది. బాప్తిస్మం అయ్యాక కూడా ఆమెకు ప్రశ్నలు తీరలేదు. త్రిత్వం గురించి, సంఘపు అధికారం గురించి ఆమె సిస్టర్ జెరాల్డీన్‌తో ఉత్తరాల్లో గట్టిగా వాదించింది. అన్నం పెట్టి ఆశ్రయమిచ్చినవారే కదా అని, మనసుకు పట్టని మాటను పెదవులతో ఒప్పుకోలేదు. అందుకు ఆమెకు గర్విష్ఠి అనే పేరు కూడా వచ్చింది. 1889లో దేశానికి తిరిగివచ్చి మార్చి 11న బొంబాయిలో వితంతువుల కోసం శారదా సదన్ తెరిచింది. అప్పటికి ఆమె పేరు అమెరికాలోనూ మారుమోగుతోంది. అలాంటి స్థితిలో, బాప్తిస్మం పొందిన ఎనిమిదేళ్ళ తర్వాత, తనకు క్రైస్తవ మతం దొరికింది గానీ ఆ మతానికి ప్రాణమైన క్రీస్తు ఇంకా దొరకలేదని ఆమె దేవుని ముందు ఒప్పుకుంది. ఆ మాట తర్వాత లోకానికి కూడా చెప్పింది. విలియం హాస్లామ్ అనే ఇంగ్లాండు పాదిరి ఆత్మకథ చదవడం ఆ గ్రహింపుకు దారితీసింది. తనను తాను పాపినిగా, ఆధారం లేనిదానిగా దేవుని చేతికి అప్పగించుకున్న తర్వాతే ఆమె మనసుకు నెమ్మది కలిగింది. రాయచూరులో పొరుగింటి గుమ్మం ముందు మాట రాక ఏడ్చిన పిల్ల, మళ్ళీ వట్టిచేతులతో ఒక గుమ్మం ముందు నిలబడింది. ఈసారి ఆమె తీసుకున్న రొట్టె జీవాహారమైన క్రీస్తే.

ఈ నిజాయితీకి పరీక్ష 1893లో వచ్చింది. శారదా సదన్ అప్పటికి పుణేకు మారింది. ఎవరినీ మతం మార్చబోమని, ఎవరి ఆచారాలు వారు పాటించుకోవచ్చని ఆమె మాట ఇచ్చింది. ఆ మాట నిలబెట్టుకుంది. అయితే తన గదిలో తాను ప్రార్థన చేసుకునేటప్పుడు తలుపు మూసేది కాదు. ఇష్టమైన అమ్మాయిలు వచ్చి కూర్చునేవారు. తలుపు మూసుకుంటే గొడవ ఉండదని పెద్దలు సలహా ఇచ్చారు. ఆమె ఒప్పుకోలేదు. తాను ఎవరికి మొర పెట్టుకుంటోందో దాచవలసిన అవసరం లేదనుకుంది. పత్రికలు విరుచుకుపడ్డాయి. సలహా సంఘంలోని రానడే, భండార్కర్ వంటి ప్రముఖులు తప్పుకున్నారు. తల్లిదండ్రులూ బంధువులూ పాతికమంది దాకా అమ్మాయిలను తీసుకెళ్ళిపోయారు. సంస్థ మూతపడుతుందనుకున్నారు గానీ మూతపడలేదు.

ప్రార్థించేటప్పుడు గదిలోకి వెళ్ళి తలుపు వేసుకోమని ప్రభువు చెప్పాడు కదా (మత్తయి 6:6) అని ఎవరైనా అడగవచ్చు. ఆ మాట సందర్భం చూడండి. మనుషులు చూడాలని వీధి మూలల్లో నిలబడి ప్రార్థించే వేషధారులను గురించి ప్రభువు అలా చెప్పాడు. మెప్పు కోసం తలుపు తెరవడం వేషధారణ అయితే, నింద తప్పించుకోవడానికి తలుపు మూయడం కూడా వేషధారణే అవుతుంది. రెండింటిలోనూ మనిషి చూసేది దేవుని వైపు కాదు, జనం వైపే. రమాబాయి ఈ రెండో తప్పుకు దూరంగా ఉంది.

1896-97లో మధ్య పరగణాల్లో కరవు వచ్చింది. ఆకలితో రోడ్లవెంట పడివున్న అమ్మాయిల సంగతి వినగానే రమాబాయికి తిరుపతి అడవి గుర్తుకొచ్చింది. ఆమె స్వయంగా వెళ్ళి దాదాపు 300 మంది ఆడపిల్లలను తీసుకొచ్చింది. పుణే దగ్గర కేడ్గావ్‌లో కొన్న పొలంలో వారికి పాకలు వేయించింది. అదే ముక్తి మిషన్‌గా ఎదిగింది. 1900 నాటి గుజరాతు కరవు తర్వాత అక్కడ ఆశ్రయం పొందినవారి సంఖ్య 1,500 దాటింది. వితంతువులు, అనాథలు, గుడ్డివారు, ముసలివారు అక్కడ చదువూ నేతా వ్యవసాయమూ అచ్చుపనీ నేర్చుకున్నారు. తన తల్లికి సమయానికి అందని రొట్టెను ఆమె వందలమంది బిడ్డలకు సమయానికి అందించింది. దేవుడు గాయాన్ని బాగుచేసే విధానాల్లో ఇదొకటి. మనం పొందిన ఆదరణతోనే ఇతరులను ఆదరించాలని పౌలు కొరింథీయులకు రాసిన రెండో పత్రిక మొదటి అధ్యాయంలో చెప్పింది దీన్నే.

ఇక్కడ మనం ఒక సంగతి దాచకూడదు. రమాబాయి అడిగినవన్నీ ఆమెకు దొరకలేదు. 1905లో ముక్తిలో వందలమంది స్త్రీలు కూడి ప్రార్థించగా గొప్ప ఉజ్జీవం వచ్చింది. అంతటి ఉజ్జీవంలోనూ ఆమె చెవుడు పోలేదు. తన తర్వాత పని చూసుకుంటుందని ఆశపెట్టుకున్న ఒక్కగానొక్క కూతురు మనోరమ 1921 జూలైలో నలభై ఏళ్ళకే చనిపోయింది. ఆ దుఃఖంలోనూ ఆమె, పల్లెటూరి స్త్రీకి కూడా అర్థమయ్యే మరాఠీలో తాను హెబ్రీ, గ్రీకు మూలాల నుంచి చేస్తున్న బైబిలు అనువాదాన్ని వదలలేదు. ఆ పని ముగించి 1922 ఏప్రిల్ 5న ప్రభువు నందు నిద్రించింది. ఆ బైబిలు 1924లో అచ్చయింది.

మరి ఆమెకు స్వస్థత కలిగిందా? చెవులకు కలగలేదు. కానీ పదహారేళ్ళ వయసులో దేవుని మీద మూసుకుపోయిన హృదయం తెరుచుకుంది. కడుపుకోత వచ్చిన రోజున కూడా అది మళ్ళీ మూసుకోలేదు. ఇది తక్కువ స్వస్థత అని ఎవరూ అనుకోవద్దు. శరీరాన్ని బాగుచేసే శక్తి దేవునికి ఉందని మేము నమ్ముతున్నాం, దాని కోసం రోగుల మంచాల దగ్గర మోకరించి ప్రార్థిస్తున్నాం కూడా. అయితే బాగుపడనివారిని చూసి 'నీకు విశ్వాసం చాల్లేదు' అనే అధికారం ఏ సేవకుడికీ లేదు. పౌలు ముల్లు కోసం మూడుసార్లు వేడుకున్నా అది పోలేదు. దానికి బదులుగా ఆయనకు కృప దొరికింది. గెత్సేమనేలో సాక్షాత్తూ దేవుని కుమారుడే ఆ గిన్నె తొలగిపోవాలని అడిగాడు. ఆయన ఆ కోరికను దాచుకోలేదు, తండ్రి చిత్తాన్నీ తోసిపుచ్చలేదు. ఆ రెండూ ఒకే ప్రార్థనలో ఉండవచ్చని మనకు నేర్పాడు.

బైబిలే మనకు ఈ స్వేచ్ఛ ఇస్తోంది. 88వ కీర్తన చీకటితో మొదలై చీకటితోనే ముగుస్తుంది. చివర్లో ఒక్క స్తోత్రం కూడా లేదు. అయినా దేవుడు దాన్ని తన గ్రంథంలో ఉంచాడు. హన్నా ప్రార్థన చూసి యాజకుడైన ఏలీ ఆమె తాగివుందనుకున్నాడు. దేవుడు మాత్రం సరిగ్గానే అర్థం చేసుకున్నాడు. మాటలు రానప్పుడు మూలుగులను కూడా ఆత్మ ప్రార్థనగా మారుస్తాడని రోమా పత్రిక 8వ అధ్యాయం చెబుతోంది. రాయచూరు ఇల్లాలు కన్నీళ్ళు చూసే రొట్టె ఇచ్చినప్పుడు, పరలోకపు తండ్రి మన చక్కని మాటల కోసం ఎదురుచూస్తాడా?

కనుక ప్రియులారా, మూడు పనులు చేద్దాం. మొదటిది, ఇవాళ రాత్రి ప్రార్థనలో ఉన్నదున్నట్టు చెబుదాం. అప్పు ఎంతో అంకెతో సహా చెబుదాం. కోపముంటే కోపం, భయముంటే భయం, ప్రార్థించాలని లేకపోతే ఆ మాటే చెబుదాం. రెండోది, దేవునితో చెప్పిన నిజాన్ని నమ్మకమైన ఒక మనిషితో కూడా చెబుదాం. సంఘ కాపరితోనో, స్నేహితునితోనో, అవసరమైతే డాక్టరుతోనో. నిద్ర పట్టక, బతుకు మీద విరక్తి పుట్టినవారు ఆసుపత్రికి వెళ్ళడం అవిశ్వాసం కాదు. విరిగిన కాలికి కట్టు కట్టించుకుంటాం కదా, నలిగిన మనసుకూ వైద్యం ఉంది. మూడోది, మన సంఘాలు కన్నీళ్ళకు చోటివ్వాలి. సాక్ష్యాల సమయంలో జవాబు దొరికినవారితో పాటు, ఇంకా ఎదురుచూస్తున్నవారు కూడా లేచి నిలబడగలగాలి. వారు మాట్లాడలేక ఏడిస్తే, మనం వారి ముఖాలు చూసి రొట్టె తెచ్చిపెట్టగలగాలి.

తెలుగు నేల మీద తండ్రిని పోగొట్టుకుని, దేవుడు వింటాడన్న నమ్మకం కూడా పోగొట్టుకున్న ఒక అమ్మాయిని ప్రభువు ఎన్నో ఏళ్ళు ఓపికగా వెదికాడు. అబద్ధపు ఆరాధనను ఆమె ఆయనకు ఎన్నడూ ఇవ్వలేదు, ఆయన కూడా అడగలేదు. ఆ ప్రభువు ఇప్పుడు మగ్గం గుంట దగ్గరికీ, ఎండిన బోరు దగ్గరికీ, ఆసుపత్రి వరండాలోకీ వస్తున్నాడు. ఆయనకు తలుపు తీసి, లోపల ఏముందో చూపిద్దాం. ఆదరణకర్తయైన దేవుడు మీకు తోడైయుండును గాక. ఆమేన్.